పొద్దుగూకినాక మొదలయ్యే పని



పెద్దవంగర పేరు మీలో కొందరు విని ఉండకపోవచ్చు. మహబూబాబాద్ జిల్లాలో, జనగామ జిల్లా సరిహద్దుకు దగ్గరగా ఉన్న మండలం. 2016 దసరా నాడు కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొడకండ్ల నుంచి విడివడి కొత్త మండలమైంది. వరి, పత్తి పండే నేల. ఊళ్లున్నాయి, తండాలున్నాయి. తొర్రూరు, కొడకండ్ల, పాలకుర్తి మూడూ దగ్గరే. ఈ చుట్టుపక్కల పగలంతా ఒళ్లు వంచి పనిచేసి, ఆ పనితో పాటే ఇంకో పనిని ప్రాణంగా పెంచుకున్న మనుషుల గురించి ఈ పూట మాట్లాడతాను. పాట కట్టేవాళ్లు, పద్యం రాసేవాళ్లు, పూలు పేర్చేవాళ్లు.

మనలో ఒక నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. ఇలాంటివన్నీ కడుపు నిండినవాళ్ల ముచ్చట్లనీ, తీరిక ఉన్నవాళ్లకే సాగుతాయనీ. పిల్ల బొమ్మ గీసుకుంటుంటే, పిల్లవాడు డప్పు మీద కొత్త దరువు పట్టుకుంటుంటే, 'ఇది తిండి పెడుతుందా' అని అడుగుతాం. ప్రేమతోనే అడుగుతాం, భయంతో అడుగుతాం. కానీ ఆ ప్రశ్న ఈ నేలకు నప్పేది కాదని నా నమ్మకం. అందుకు సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, పక్క ఊరికి పోతే చాలు.

పాలకుర్తి సోమన పదమూడో శతాబ్దపు కవి. పండితులు మెచ్చే పెద్ద వృత్తాలు చేతనైనవాడే అయినా, బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. జనం గుంపుగా కూర్చుని పాడుకోవడానికి వీలైన ఛందస్సు అది. అందులో కుమ్మరి గుండయ్య కథ ఉంది. గుండయ్య కుండలు చేసేవాడు. కాలిన కుండ బాగుందో లేదో తెలియాలంటే దాని మీద కొట్టి చప్పుడు వినాలి కదా. ఆ కుండల మీదే అతను దరువు వేస్తాడు. ఆ దరువుకు శివుడు దిగివచ్చి ఆడతాడు.

ఈ కథను భక్తి కథగా చెప్పుకుంటాం, అది నిజమే. నేను ఇందులో ఇంకొకటి కూడా చూస్తాను. గుండయ్య పని ఆపి వాయించలేదు. చేతిలో ఉన్న పనే అతనికి వాద్యం. ఒక కుమ్మరి వాయిద్యానికి దేవుణ్ణి ఆడించిన కవి మన పాలకుర్తి కవి. ఏడు వందల ఏళ్లకు ముందే, శ్రమ చేసే చేతుల్లో కళ ఉందని ఆయన ఏ సందేహం లేకుండా రాసిపెట్టాడు. మనమే మధ్యలో ఎక్కడో మరిచిపోయాం.

పాలకుర్తి మండలంలోనే బమ్మెర ఉంది. పోతన ఊరని ఇక్కడివాళ్లు గుండెల్లో పెట్టుకున్న ఊరు. ఆయన దున్నిన పొలం ఇదేనంటూ చూపిస్తారు. పదిహేనో శతాబ్దంలో వ్యవసాయం చేసుకుంటూ సంస్కృత భాగవతాన్ని తెలుగు చేసినవాడు పోతన. అంత పెద్ద గ్రంథంలో కొన్ని స్కంధాలు ఇతర కవులు పూరించారు. ఆయన తన కావ్యాన్ని రాజుకు అంకితం ఇవ్వకుండా రాముడికి ఇచ్చాడన్న సంగతి తెలుగు తెలిసిన ప్రతి ఇంటికీ తెలుసు. దాన్ని ఆత్మాభిమానం అంటాం. అవును, ఆత్మాభిమానమే. అయితే ఆ అభిమానం నిలబడటానికి కింద ఒక నేల కూడా కావాలి. రాజు ఇచ్చే అగ్రహారం లేకపోయినా పొలం గింజలు ఇస్తుంది. తిండి ఒక చోట నుంచి, పద్యం మరో చోట నుంచి వచ్చాయి కాబట్టి పద్యం ఎవరికీ తలవంచాల్సిన పని లేకపోయింది.

అందుకే 'తిండి పెడుతుందా' అన్న ప్రశ్నను నేను తిరగేసి చూస్తాను. తిండి పెట్టే బాధ్యత దాని మీద మోపకపోవడమే ఒక్కోసారి ఆ కళకు మేలు. ఉద్యోగం చేస్తూ, సేద్యం చేస్తూ, దుకాణం నడుపుతూ సాయంత్రం ఒక గంట తనకు నచ్చింది చేసుకునే మనిషికి ఎవరి మెప్పు కోసమో రాగం మార్చుకోవాల్సిన అవసరం ఉండదు.

ఈ ఒరవడి మన కాలం దాకా వచ్చింది. దాశరథి కృష్ణమాచార్య పుట్టింది 1925లో, ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరులో. నిజాం పాలన మీద తిరగబడి జైలుకు పోయి, నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి. బయటికి వచ్చాక బతుకు తెరువుకు ఏం చేశారు? ఉపాధ్యాయుడిగా పనిచేశారు, పంచాయతీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు, ఆ తర్వాత ఆకాశవాణిలో ప్రయోక్తగా పనిచేశారు. 'తిమిరంతో సమరం' కావ్యానికి 1974లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక పంచాయతీ ఇన్‌స్పెక్టరు సంచిలో ఊళ్ల లెక్కల కాగితాలతో పాటు పద్యాల కాగితాలు కూడా ఉండటం ఈ జిల్లాకు వింత కాదు.

ఇక అందెశ్రీ. రేబర్తిలో పుట్టారు. ఇప్పుడది సిద్దిపేట జిల్లా, అప్పట్లో జనగామ వైపు ఊరు. బడి మొహం చూడలేదు. పశువులు కాశారు, తాపీ పనిచేశారు. ఇటుక మీద ఇటుక పేరుస్తూ పాట కట్టుకున్న ఆ మేస్త్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' 2024లో రాష్ట్ర గీతమైంది. 2025 నవంబర్ 10న ఆయన మనల్ని విడిచి వెళ్లారు. ఆయన ఎదుగుదల తెలిసినవాళ్లు ఎప్పుడూ చెప్పే సంగతి ఒకటుంది. పనిలో పాడుకుంటున్న పాటను శంకర్ మహారాజ్ అనే ఒక స్వామి విన్నారు. విని, నిలబడి, నువ్వు పాడాలని చెప్పారు. ఆ వినడం జరగకపోతే పాట ఆగిపోయేదని నేను అనను. కానీ ఆ కట్టడం దగ్గరే, ఆ గోడ పక్కనే మిగిలిపోయేదేమో.

ఇలా వినేవాళ్లు దొరకక ఎన్ని పాటలు పోయాయో.

పని మారినా పాట పోతుంది. దీన్ని కొంచెం నిదానంగా చూద్దాం. బావి మీద మోట ఉన్న రోజుల్లో మోట కొట్టేవాడికి పాట ఉండేది. ఎద్దులు కిందికి నడిచేటప్పుడు ఒక లయ, వెనక్కి వచ్చేటప్పుడు ఇంకో లయ. ఆ లయలో పాట సాగేది. కరెంటు మోటరు వచ్చింది, మోట పోయింది, పాట కూడా పోయింది. మోటరును తప్పుపట్టడం లేదు. ఎద్దుల వెనక తెల్లవార్లూ తిరిగిన రైతుకు అది పెద్ద విడుదల. నాటు పాట సంగతీ అంతే. ఊళ్లోని ఆడవాళ్లే బదుళ్ల మీద ఒకరి పొలంలో ఒకరు నాటు వేసుకున్నప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటే అందరూ అందుకునేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఎకరానికి ఇంతని గుత్తకు నాటు. వేరే రాష్ట్రాల కూలీలు వస్తున్నారు, కొన్నిచోట్ల యంత్రం దిగుతోంది. గుత్త పనిలో తొందర ఉంటుంది. ఎంత తొందరగా నాటితే అంత కూలి. అక్కడ పాటకు సందు దొరకదు.

పనికి అతుక్కున్న పాట పనితోనే పోయింది. పండుగకు అతుక్కున్న పాట మాత్రం నిలిచింది. బతుకమ్మ పాట అలా నిలిచినదే. కలుపు పనులు తగ్గి, పత్తి ఏరడం ఇంకా ఊపందుకోని రోజుల్లో బతుకమ్మ వస్తుంది. పెత్తర అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. చెరువు కట్టల మీద, చెలకల్లో, బాటల పక్కన పూసే పువ్వే దీనికి సరుకు. గునుగు నిజానికి చేలో కలుపు మొక్క. వానకాలమంతా పీకి పారేసిన మొక్క పువ్వునే ఆ తొమ్మిది రోజులు వెతికి వెతికి తెస్తారు. కొసలు కత్తిరించి, రంగు నీళ్లలో ముంచి, ఆరబెట్టి కట్టలు కడతారు.

పేర్చడం చూసినవాళ్లకు సులువుగా కనిపిస్తుంది, చేసినవాళ్లకే తెలుసు. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడి ఆకులు పరుస్తారు. అంచున తంగేడు వరస. దాని మీద గునుగు, దాని మీద బంతి, మళ్లీ గునుగు. ప్రతి వరస కింది వరస కంటే కొంచెం చిన్నది కావాలి. లోపలి ఖాళీని ఆకులతో, తుంచిన కాడలతో కూరుతూ పోవాలి. ఆ కూరడం వదులైతే చెరువు దాకా తలమీద మోసుకుపోయేలోగా పక్కకు ఒరుగుతుంది. బిగువైతే వరసలు విడిపోతాయి. పైన పసుపు గౌరమ్మ. పొద్దున వరి చేలో కలుపు తీసి వచ్చిన చేతులు, సాయంత్రానికి రంగుల మధ్య ఎంత దూరం ఉండాలో, ఏ రంగు పక్కన ఏది నిలుస్తుందో లెక్క కడుతున్నాయి. దీన్ని శిల్పం అనడానికి నాకేమీ వెనుకాడాల్సిన పని కనపడదు. చెరువులో వదిలేస్తారు కాబట్టి, మరుసటి రోజుకు మిగలదు కాబట్టి మనం దానికి ఆ పేరు పెట్టలేదు, అంతే.

పాట మరీ గొప్పది. ముందు పాడే ఆమె ఒక చరణం ఎత్తుకుంటుంది, చుట్టూ తిరిగేవాళ్లు అందుకుంటారు. ముందు పాడే ఆమె నోట్లో కథలు ఉంటాయి. రామాయణం ఉంటుంది, ఊరి చెరువు కథ ఉంటుంది, అత్తింట్లో కన్నుమూసిన ఆడబిడ్డ కథ ఉంటుంది. చాలామంది అవ్వలు చదువుకున్నవాళ్లు కారు. వందల చరణాలు జ్ఞాపకంలోనే. అవి కూడా మక్కీకి మక్కీ అప్పజెప్పడం ఉండదు. ఊళ్లో జరిగిన కొత్త సంగతి, ఆ ఏడు వచ్చిన కరువు, తెలంగాణ ఉద్యమం అన్నీ ఆ పాటల్లోకి వచ్చి చేరాయి. అక్కడికక్కడ చరణం కట్టి, లయ తప్పకుండా పాత కథలో కలపడం కవి పని. ఆమెను మాత్రం ఎవరూ కవి అని పిలవరు. 'బాగా పాడుతది' అంటారు, అంతే.

ఇంతదాకా చెప్పినవన్నీ ఒక తీరు. ఇప్పుడు చెప్పబోయేది వేరు, దీన్ని వాటితో కలపకూడదు. ఒగ్గు కథ, చిందు యక్షగానం ఈ నేల మీదే ఎదిగాయి. కానీ వాటిని సరదాగా చేసే కళలంటే ఆ కళాకారులకు అన్యాయం చేసినట్టే. అవి కులంతో వచ్చిన వృత్తులు, ఊరి మీద హక్కులు, వాటితోపాటు ఊరు చూపిన చిన్నచూపు కూడా. లింగాల ఘణపురం మండలం మాణిక్యపురంలో పుట్టిన చుక్క సత్తయ్య బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథల నుంచి ఒగ్గును రామాయణ కథల దాకా, కొలుపు గద్దెల నుంచి నగరాల వేదికల దాకా తీసుకుపోయారు. ఆయన డోలు, ఆయన గొంతు రేడియోలో కూడా మోగాయి. 2017 నవంబర్‌లో కన్నుమూశారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన గడ్డం సమ్మయ్య ఐదు దశాబ్దాలకు పైగా చిందు యక్షగానం ఆడారు. 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ సంబురంలో ఒక సంగతి మరవొద్దు. ఒక ఊళ్లో రాత్రంతా ఆట ఆడి, పొద్దున్నే ఇంకో ఊరి బాట పట్టిన చిందు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు కావలసింది తీరిక వేళ చప్పట్లు కొట్టే జనం ఒక్కటే కాదు. చేసిన పనికి తగిన డబ్బు, పింఛను, పిల్లలకు చదువు. ఇష్టంతో చేసేదాన్ని, బతుకుతెరువుగా చేసేదాన్ని మనం విడివిడిగా గౌరవించాలి.

మళ్లీ మన సాయంత్రపు గంట దగ్గరికి వద్దాం. ఆ గంట అందరికీ సమానంగా దొరకదు. మగవాడు భజన మండలికి పోతే హార్మోనియం ముందు ఎంతసేపు కూర్చున్నా అడిగేవాళ్లుండరు. అదే ఇంటి ఆడమనిషి కోలాటం నేర్చుకోవడానికి పోతే పొయ్యి మీద అన్నం ఎవరు చూడాలన్న ప్రశ్న వస్తుంది. ఆమెకు కళ లేక కాదు, గంట లేక ఆగిపోతోంది. ఆ గంట ఇవ్వడం ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. వారానికి రెండు సాయంత్రాలు కొడుకో, భర్తో పొయ్యి దగ్గర నిలబడితే, ఆ వాడకట్టుకు ఒక కోలాటం జట్టు తయారవుతుంది.

సెల్‌ఫోను ఈ గంటను ఇంకోలా మార్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలి పనికి పోయే గంగవ్వ 'మై విలేజ్ షో' వీడియోల్లో నటించి లక్షలమందికి దగ్గరయ్యారు. ఎక్కడో పట్నంలో నేర్చుకున్న నటన కాదది, ఊళ్లో మాట్లాడుకునే తీరే. మన తొర్రూరు, మహబూబాబాద్ ప్రాంతాల్లో కూడా ఎందరో యువతీ యువకులు పాటలు తీసి యూట్యూబులో పెడుతున్నారు. నాకు ఇది ఎంతో సంతోషం. వినేవాళ్లు దొరకడం లేదన్న బాధకు ఇది నిజమైన మందు. అయితే అందులో ఒక లోటు నన్ను కలవరపెడుతుంది. చాలా పాటల కింద 'సాహిత్యం: జానపదం' అని రాస్తున్నారు. జానపదం అంటే ఎవరు? ఆ పాటను ఏ అవ్వ దగ్గర, ఏ ఊళ్లో, ఏ తండాలో నేర్చుకున్నారో ఆ పేరు ఉండదు. పాడిన అమ్మాయి పేరుంటుంది, సంగీతం పేరుంటుంది, కెమెరా పేరుంటుంది. పాటను నలభై ఏళ్లు మోసినామె పేరు ఉండదు.

ఈ విషయంలో మనకు దారి చూపిన పెద్దమనిషి మన వరంగల్ ప్రాంతం వారే. ఆచార్య బిరుదురాజు రామరాజు దేవనూరులో 1925లో పుట్టారు. తెలుగు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. అప్పట్లో పల్లె పాటకు విశ్వవిద్యాలయంలో చోటుంటుందని ఎవరూ అనుకోలేదు. ఊళ్లు తిరిగి, పాడేవాళ్ల ముందు కూర్చుని, విని, రాసుకున్నారు. అంత శ్రద్ధగా వినడమే ఒక కళ. దానికి కూడా మనలో చాలామంది పనికొస్తారు.

వినడానికి ఒక చోటు కూడా కావాలి. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం పుట్టింది. తెలుగు చదవడం, రాయడమే కష్టంగా ఉన్న నిజాం కాలంలో ఆ గ్రంథాలయం చుట్టూ రాసేవాళ్లు, చదివేవాళ్లు పోగయ్యారు. మన కాలంలో యాదాద్రి జిల్లా వెల్లంకిలో కూరెళ్ల విఠలాచార్య ఉద్యోగ విరమణ తర్వాత సొంత పుస్తకాలతో మొదలుపెట్టి, సొంత ఇంటినే గ్రంథాలయం చేశారు. ఇప్పుడక్కడ లక్షల్లో పుస్తకాలున్నాయి. అది ఒక పల్లెటూరు. పెద్దవంగర లాంటి పల్లెటూరు. భవనం కడదామని ఎదురుచూడక్కర్లేదు. బడి గంట కొట్టాక ఖాళీగా ఉండే ఒక గది, పంచాయతీ ఆఫీసు వరండా, రైతువేదిక, ఏదైనా సరే. వారానికి ఒక సాయంత్రం దీపం వెలిగి, నాలుగు చాపలు పడితే చాలు. ఎవరు రాసింది వాళ్లు చదువుతారు, ఎవరు గీసింది వాళ్లు చూపిస్తారు. తండా ఆడపడుచు అద్దాలు కుట్టిన రవిక తెచ్చి ఆ కుట్టు ఎలా పడుతుందో చెబుతుంది. మార్కులుండవు, బహుమతులుండవు. పోటీ పెట్టకపోవడం ముఖ్యం. పోటీలో ఒక్కరు గెలిచి పదిమంది ఇంటికి పోయి మానేస్తారు.

చదువుకునే పిల్లలకు ఒక పని అప్పగించి ముగిస్తాను. రాబోయే బతుకమ్మ రోజుల్లో మీ వాడలో ముందు పాడే అవ్వ దగ్గరికి పోండి. పండుగ రోజున వద్దు, ఆ రోజు ఆమెకు తీరిక ఉండదు. నాలుగు రోజులు ముందే, పొద్దుగూకినాక, ఆమె పని అయిపోయాక పోండి. రికార్డు చేయొచ్చా అని అడగండి. వద్దంటే కాగితం మీద రాసుకోండి, అదీ వద్దంటే కూర్చుని వినండి. మధ్యలో ఆపకండి. తెలియని మాట వస్తే పాట అయిపోయాక అడగండి. రికార్డు చేస్తే మాత్రం మొదట పాట ఎత్తుకోనివ్వకండి. ముందు ఆమె పేరు ఆమె నోటితోనే చెప్పించండి. ఊరి పేరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో వాళ్ల పేరు కూడా. తర్వాత ఎవరికి పంపినా, ఎక్కడ పెట్టినా ఆమెకు చెప్పి పెట్టండి, ఆ పేర్లు కోసేయకుండా పెట్టండి.